ఆగడానికి ఎంత ఖర్చవుతుంది?

నెలలో 20వ తేదీ దాటితే తప్ప మా ఇంట్లో రాకెట్లు ఎగరవు. చెన్నైలో ప్యారిస్ కార్నర్ దగ్గర ఒక ఎగుమతుల ఆఫీసులో లెక్కలు చూస్తాను నేను. జీఎస్టీ రిటర్నులు వేసేదాకా ఇంటికొచ్చినా కళ్ల ముందు ట్యాలీ తెరే కదులుతుంటుంది. అది అయిపోయాక, చిన్నోడు పడుకున్నాక, డైనింగ్ టేబుల్ మీద సాంబారు గిన్నె పక్కకి జరిపి పాత లాప్‌టాప్ తెరుస్తాను. దాని ఫ్యాను మిక్సీలా మోగుతుంది. ఆ చప్పుడు వినగానే లోపలి గదిలోంచి మా ఆయన "మొదలైందా ప్రయోగం?" అంటారు. అయిదేళ్లుగా అదే జోకు.

ఆడేది కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ అనే కంప్యూటర్ ఆట. 2011లో మొదటి వెర్షన్, 2015లో పూర్తి ఆట వచ్చాయి. నా చేతికి దొరికింది మాత్రం లాక్‌డౌన్‌లో, ఒక సేల్‌లో. కెర్బిన్ అని ఒక బుల్లి గ్రహం. కేంద్రం నుంచి నేలకి 600 కిలోమీటర్లే, భూమిలో పదో వంతు కూడా లేదు. దాని మీద గుడ్లు మిటకరించే ఆకుపచ్చ మనుషులు. వాళ్లకి మనం రాకెట్లు కట్టిపెట్టాలి. బొమ్మలు చూస్తే పిల్లల ఆటే అనిపిస్తుంది. లెక్క మాత్రం పెద్దవాళ్లదే.

సూళ్లూరుపేటలో పుట్టి పెరిగినదాన్ని. పులికాట్ మీద రోడ్డు దాటితే శ్రీహరికోట. ప్రయోగం ఉందంటే బళ్లో టీచర్లే మమ్మల్ని గ్రౌండులోకి తోలేవాళ్లు. అన్ని రాకెట్లు చూసి కూడా, అవి పైకి వెళ్లడమే పని అనుకునేదాన్ని. పైకి, ఇంకా పైకి, ఒక ఎత్తుకి చేరాక తేలిపోతాయి అని. ఆటలో నా మొదటి పది రాకెట్లు అట్లాగే నిటారుగా 100 కిలోమీటర్లు ఎక్కి, బంతిలా కిందకి దిగొచ్చాయి. ఎత్తు కాదు, పక్కకి పోయే వేగం కావాలని అప్పుడు ఎక్కింది బుర్రకి. కెర్బిన్ చుట్టూ అయితే సెకనుకు దాదాపు 2,300 మీటర్లు, మన భూమి చుట్టూ అయితే 7,800. రాకెట్ కొద్దిసేపటికే సముద్రం వైపు ఒరిగిపోవడం చిన్నప్పుడు ఎన్నిసార్లు చూశానో. "గాలికి వంగింది" అనేది మా నాయనమ్మ. మేమూ నమ్మేశాం.

వేగం తర్వాత నేర్చుకున్నది డెల్టా-వీ. ఈ ఆటకి నేను అతుక్కుపోయింది దీనివల్లే. ఒక బండి తన దగ్గరున్న ఇంధనంతో మొత్తం మీద ఎంత వేగం మార్చుకోగలదో చెప్పే అంకె అది. పెంచుకున్నా ఖర్చే, తగ్గించుకున్నా ఖర్చే. నాకిది బడ్జెట్టు. నోట్‌బుక్‌లో గీత కొట్టి రాసుకుంటాను: నేల నుంచి కక్ష్యకి సెకనుకు 3,400 మీటర్లు. అక్కణ్ణించి మున్‌కి, అంటే వాళ్ల చందమామకి, 860. అక్కడ కక్ష్యలో పడటానికి 310. దిగడానికి 580. లేవడానికి మళ్లీ 580. ఇంటికి 310. ఒక పద్దు మరిచిపోయామా, ఒక ఆకుపచ్చ మనిషి అక్కడే ఉండిపోతాడు.

ఈ బడ్జెట్టులో మోసం ఎక్కడుందో 1903లోనే త్సియోల్కోవ్‌స్కీ సూత్రం కట్టి చూపించాడు. ఇంధనాన్ని మోయడానికి ఇంధనం, దాన్ని మోయడానికి ఇంకా ఇంధనం. ఇంజిన్లోంచి వాయువు సెకనుకు 3.4 కిలోమీటర్ల వేగంతో బయటకి వస్తోందనుకోండి. బండి కూడా అంతే వేగం మార్చుకోవాలంటే బయల్దేరే బరువు ఖాళీ బండికి 2.7 రెట్లు ఉండాలి. రెండింతల వేగం కావాలా, 7.4 రెట్లు. మూడింతలకి 20 రెట్లు. చక్రవడ్డీ మనకి రావాల్సిన వైపు కాక మనం కట్టాల్సిన వైపు నడిస్తే ఎలా ఉంటుందో అలా. మన ఎల్‌వీఎం3 రాకెట్ లేచేటప్పుడు 640 టన్నులు. అందులో భూమికి దగ్గరి కక్ష్యకి చేరే సరుకు 8 టన్నులు. ఇంత తక్కువ మార్జిన్‌తో మా సేటు బియ్యం బస్తా కూడా ఓడెక్కించడు.

మున్ మీద నా మొదటి దిగడం గురించి చెప్పాలి. 580 కావాలి, నా దగ్గర 700 ఉంది. ధీమాగా ఉన్నాను. కానీ భయంతో, ఇంకా పది కిలోమీటర్ల ఎత్తులో ఉండగానే బ్రేకు వేసి, నెమ్మదిగా, జాగ్రత్తగా, మేడ మెట్లు దిగినట్టు దిగాను. నేలకి 400 మీటర్లు ఉందనగా ఇంధనం సున్నా. ఆ జాగ్రత్తే ముంచింది. పైన వేలాడిన ప్రతి సెకనూ ఆ నేల మనల్ని లాగుతూనే ఉంటుంది, ఆ లాగుడుకి కప్పం కట్టడానికే ఇంజిన్ మండుతుంది. పొదుపు కావాలంటే ఆఖరి నిమిషం దాకా పడనిచ్చి, అప్పుడు ఒక్కసారి గట్టిగా మండించాలి. గుండె చిక్కబట్టుకుని నేల వైపు రాయిలా పడుతుండగా ఇంజిన్ ముట్టుకోకుండా కూర్చోవడం నాకు వారం పట్టింది. 2023 ఆగస్టు 23 సాయంత్రం ఆఫీసులో అందరూ చంద్రయాన్-3 దిగడం చూస్తుంటే, మిగతావాళ్లు విక్రమ్ బొమ్మని చూస్తున్నారు. నేను ఎత్తు, వేగం అంకెలు రెండే చూస్తున్నాను. 6:04కి అందరూ చప్పట్లు కొట్టాక తెలిసింది, నా చేతిలో టీ చల్లారిపోయిందని.

మంగళయాన్ కథ కూడా ఈ ఆట వచ్చాకే అర్థమైంది. 2013 నవంబరు 5న లేచింది. కానీ నెలాఖరు దాకా భూమి చుట్టూనే తిరిగింది. అప్పట్లో ఆఫీసులో ఒకాయన "ఆటో స్టార్ట్ కాక తోస్తున్నారు" అని ఎకసెక్కాలాడాడు. నేనూ నవ్వాను, సిగ్గులేకుండా. దాని ఇంజిన్ బలం 440 న్యూటన్లు. అంటే 45 కిలోల బరువుని మోయగలిగేంత. బండి 1,337 కిలోలు. అంత చిన్న ఇంజిన్‌తో ఒకే దెబ్బకి బయటపడలేరు. అందుకని భూమికి అతి దగ్గరగా, అతి వేగంగా వచ్చిన ప్రతిసారీ కాసేపు మండిస్తూ, కక్ష్యని కోడిగుడ్డులా, తర్వాత దోసకాయలా సాగదీస్తూ పోయారు. వేగంగా పోతున్నప్పుడు మండించిన ఇంధనానికి ఫలం ఎక్కువ. ఆటలో ఎవరైనా రెండో నెలకి ఈ కిటుకు పట్టేస్తారు.

నాలుగోసారి, నవంబరు 11న, సెకనుకు 130 మీటర్లు పెరగాల్సిన చోట 35 మాత్రమే పెరిగింది. దూరపు కొస లక్ష కిలోమీటర్లకి వెళ్లాల్సింది 78 వేలకే ఆగింది. మర్నాడే ఇంకోసారి మండించి లోటు పూడ్చారు. మా భాషలో సవరణ ఎంట్రీ. అది చదివినప్పుడు ఆ కంట్రోల్ రూములో ఎవరో ఒకరు నాలాగే పద్దుల పుస్తకంతో కూర్చుని ఉంటారనిపించి, ఎందుకో చాలా దగ్గరివాళ్లలా అనిపించారు.

అసలు టెన్షన్ పది నెలల తర్వాత. అంగారకుడి దగ్గర ఆగాలి. 300 రోజులు చల్లగా పడుకున్న ఇంజిన్‌ని లేపాలి. రెండు రోజుల ముందు ఒక నాలుగు సెకన్లు మండించి చూసుకున్నారు. 2014 సెప్టెంబరు 24 ఉదయం దాదాపు 23 నిమిషాలు మండించి సెకనుకు 1,099 మీటర్ల వేగం తగ్గించుకున్నారు. మండకపోతే ఏమీ పేలదు, ఏమీ కూలదు. అంగారకుడి పక్కనించి అలా సాగిపోతుంది, అంతే.

ఆ "సాగిపోతుంది" అన్న మాట దగ్గర నాకు మా ఊరి స్టేషన్ గుర్తొస్తుంది.

మా ఇల్లు పట్టాల వెనకే. మద్రాసు వైపు పోయే పెద్ద ఎక్స్‌ప్రెస్‌లు చాలా మా దగ్గర ఆగేవి కావు. దూరాన కూత. ప్లాట్‌ఫారం మీద ఉన్నవాళ్లంతా నాలుగడుగులు వెనక్కి. ఒక దుమ్ము, ఒక ఊపు, టీ బంకు పైన కట్టిన పరదా లేచిపోవడం. కిటికీల్లో ముఖాలు కనపడేవి, గుర్తుపట్టేలోపు లేవు. మా పిన్ని ఒకసారి ఢిల్లీ నించి వస్తూ, మా స్టేషన్ మీదుగా పోతున్నప్పుడు చెయ్యి ఊపుతానని ఉత్తరం రాసింది. మేం అయిదుగురం నిలబడ్డాం. ఎవరికీ కనపడలేదు. ఆమె మమ్మల్ని చూశానంది.

నక్షత్రాల దాకా పోయే ఇంజిన్ల గురించి చదివినప్పుడల్లా నాకు పిన్ని చెయ్యే గుర్తొస్తుంది. డెడాలస్ తీసుకోండి. బ్రిటిష్ ఇంటర్‌ప్లానెటరీ సొసైటీ వాళ్లు 1973 నుంచి 1978 దాకా శ్రద్ధగా గీసిన ప్లాను. డ్యుటీరియం, హీలియం-3 కలిపిన గుళికల్ని సెకనుకు 250 చొప్పున పేల్చుకుంటూ పోయే ఓడ. హీలియం-3 మన దగ్గర లేదు కాబట్టి బృహస్పతి వాతావరణం నుంచి తోడుకోవాలట! బయల్దేరేటప్పుడు 54,000 టన్నులు, అందులో 50,000 ఇంధనమే. కాంతి వేగంలో 12 శాతం అందుకుని, దాదాపు 50 ఏళ్లకి బర్నార్డ్ నక్షత్రం చేరుతుంది. 5.9 కాంతి సంవత్సరాలు. వాయేజర్-1 వ్యోమనౌక వేగంతో అయితే దానికి లక్ష ఏళ్లు పడుతుంది. కాబట్టి ఇదంతా అద్భుతమే, కాదనను.

కానీ ఆగదు. యాభై ఏళ్లు పోయి, ఆ నక్షత్రం పక్కనించి సెకనుకు 36,000 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతుంది. మనకీ సూర్యుడికీ మధ్య ఉన్నంత దూరం గంటా పది నిమిషాల్లో దాటేస్తుంది. ఫొటోలు తీసుకోవాలి, అంతే. ఎందుకు ఆగదో నేనే ఒక రాత్రి లెక్క వేశాను. దశలూ గిశలూ పక్కన పెట్టి మోటుగా: 4,000 టన్నులు మిగలడానికి 54,000తో బయల్దేరుతున్నాం, అంటే 13.5 రెట్లు. అంత వేగాన్నీ మళ్లీ తగ్గించుకోవాలంటే 13.5ని 13.5తో గుణించాలి. 182 రెట్లు. అదే 4,000 టన్నుల్ని అక్కడ నిలబెట్టాలంటే ఇక్కణ్ణించి ఏడు లక్షల టన్నులకి పైగా లేవాలి. పోవడానికి అయ్యే ఖర్చు ఎంతో, ఆగడానికి రెట్టింపు అనుకుంటాం. రెట్టింపు కాదు, వర్గం. అంగడికి వెళ్లే ముందు ఇది తెలిసుంటే ఎవరూ డబ్బు తియ్యరు.

2016లో ప్రకటించిన స్టార్‌షాట్ ఆలోచనా అంతే. గ్రాముల బరువున్న తెరచాపని నేల మీది లేజర్లతో తోసి, కాంతి వేగంలో 20 శాతానికి చేర్చి, ఆల్ఫా సెంటారీ వైపు పంపడం. లేజర్లు ఉండేది ఇక్కడ. అక్కడ ఎదురు తోసేవాడెవడు? ఇదీ మా స్టేషన్లో ఆగదు.

ఓరియన్ వేరు, దాన్ని తలుచుకుంటే నాకు నవ్వూ భయం రెండూ వస్తాయి. 1958లో టెడ్ టేలర్, ఫ్రీమన్ డైసన్ లాంటి బుద్ధిమంతులు కూర్చుని, ఓడ వెనక అణుబాంబులు ఒక్కొక్కటే వదిలి, అవి పేలిన ఊపుని పెద్ద ఉక్కు పళ్లేనికి పట్టించుకుని పోదాం అన్నారు. మామూలు పేలుడు పదార్థంతో చిన్న నమూనా ఎగరేసి చూశారు కూడా. గాల్లోనూ అంతరిక్షంలోనూ అణు పేలుళ్లు వద్దని 1963లో ఒప్పందం వచ్చాక దాని దారి మూసుకుపోయింది. ఆటలో దీనికి ఎవరో చేసిన మాడ్, అంటే ఆటకి బయటనించి తగిలించుకునే అదనపు ముక్క, ఉంది. దించుకున్నాను. మొదటి బాంబుకి ఓడ కదిలింది, మూడోదానికి లాప్‌టాప్ ఆగిపోయింది. చిన్నోడు మాత్రం వారం రోజులు పడుకునే ముందు "ఢాం బండి" చూపించమని ఒకటే గొడవ.

వార్ప్ డ్రైవ్ మాడ్ కూడా పెట్టి చూశాను. 1994లో అల్కుబియెర్రే కాగితం మీద చూపించిన దారి: ముందున్న అంతరాళాన్ని ముడిచి, వెనక ఉన్నదాన్ని చాచి, మధ్యలో మనం కదలకుండా ప్రయాణం. దానికి రుణాత్మక శక్తి కావాలి. మా ఆడిటర్ ఒప్పుకోడు. అది పెట్టాక పది నిమిషాల్లో అన్ని గ్రహాలూ తిరిగొచ్చాను, ఏ ఒక్కటీ గుర్తులేదు. మర్నాడే తీసేశాను.

నాకిష్టమైనవి పిసినారి ఇంజిన్లు. అణు రియాక్టర్ మీదుగా హైడ్రోజన్ని పంపి వేడి చేసే ఇంజిన్లని 1960లలో నెవాడాలో నిలబెట్టి మండించి చూశారు. మామూలు రాకెట్‌కి రెట్టింపు మైలేజీ. 1973లో ఆపేశారు. ఆటలో దాని పేరు నెర్వ్, దూరాలకి నేను వాడేది అదే. ఇంజినే మూడు టన్నులు, కాబట్టి దగ్గరి ఊళ్లకి దండగ.

అంతకన్నా ముద్దొచ్చేది అయాన్ ఇంజిన్. 2007లో వెళ్లిన డాన్ అనే వ్యోమనౌక ఇంజిన్ బలం ఎంతో తెలుసా? దాదాపు 92 మిల్లీన్యూటన్లు. రెండు ఏ4 కాగితాలు అరచేతిలో పెట్టుకోండి, అంత. ఆ ఊపుతో గంటకి 96 కిలోమీటర్ల వేగం పెరగాలంటే నాలుగు రోజులు. కానీ ఏళ్ల తరబడి మండిస్తూ పోయి, 425 కిలోల జీనాన్ వాయువుతో సెకనుకు 11 కిలోమీటర్లకి పైగా వేగం మార్చుకుంది. 2011లో వెస్టా దగ్గర ఆగింది, ఏడాదికి పైగా ఉంది. బయల్దేరి 2015లో సీరీస్ దగ్గర ఆగింది. తడ, అక్కంపేట, సూళ్లూరుపేట అని ప్రతి స్టేషన్లో ఆగే మా ప్యాసింజర్ లాంటిది. తిరువొత్తియూరులో ఎక్కితే నాకు దక్కేది అదే బండి, అందుకేనేమో ఈ పక్షపాతం.

ఆటకి లోపాలు లేవని కాదు. ఒక్కసారికి ఒక్క గ్రహం ఆకర్షణనే లెక్కేస్తుంది. సూర్యుడు, భూమి ఇద్దరి లాగుడూ కలిస్తేనే ఉండే చోట ఉంది మన ఆదిత్య-ఎల్1. ఈ ఆటలో దాన్ని నిలబెట్టలేం, చోటే లేదు.

2024 డిసెంబరు 30 రాత్రి స్పేడెక్స్ ప్రయోగం. పదింటికి. మా బిల్డింగు వాళ్లం మేడ ఎక్కాం. కింది వాటా తమిళ అవ్వ దాన్ని మొట్టమాడి అంటుంది, మా చిన్నోడూ అదే అంటాడు. ఉత్తరాన ఎన్నూరు పొగగొట్టాల ఎర్ర దీపాలు, వాటి పక్కన అంచున ఒక నారింజ వెలుగు. పైకి లేచింది, చప్పుడు లేదు. అమ్మ ఫోన్లో ఉంది, సూళ్లూరుపేట నించి. "పోతా ఉంది, పోతా ఉంది" అంటోంది. ఓ నిమిషం గడిచాక ఫోన్లో గడగడమని మోత. మా ఇంటి కిటికీ రెక్కలవి. మా కళ్ల ముందున్న వెలుగు చప్పుడు అమ్మ కిటికీలో మోగి మాకు ఫోన్లో వచ్చింది. "అలమారలో గ్లాసులు కూడా ఆడినాయి" అంది అమ్మ.

అందులో ఉన్నవి ఒక్కొక్కటి 220 కిలోల రెండు ఉపగ్రహాలు. పైన ఒకదాన్నొకటి వెతుక్కుని కలవాలి. ఆటలో నాకది మూడు రాత్రుల పని. ముందున్నదాన్ని అందుకోవాలని వేగం పెంచితే మన కక్ష్య పెద్దదై ఇంకా వెనకబడతాం. అందుకోవాలంటే తగ్గాలి. ఇది చెప్తే మా ఆయన ఇప్పటికీ నమ్మరు. దగ్గరికొచ్చాక తెర మీద దిక్కులు చూపే గోళంలో గులాబీ గుర్తుని మధ్యలో పట్టి ఉంచి, చిన్న చిన్న తుంపర్లతో ముందుకి. సెకనుకి రెండు మీటర్లతో తాకించి ఒక సోలార్ పలక విరగ్గొట్టాను. ఇస్రో వాళ్లు పెట్టుకున్న వేగం సెకనుకి సుమారు ఒక సెంటీమీటరు. జనవరి 12న 15 మీటర్లకి, ఆపైన 3 మీటర్లకి వచ్చి, మళ్లీ వెనక్కి జరిగారు. "మూడు మీటర్లే కదమ్మా, అంటించేయొచ్చు కదా" అన్నాడు చిన్నోడు. "మూడు మీటర్ల దగ్గర ఆగారు నాన్నా, అదే గొప్ప" అన్నాను. వాడికి నచ్చలేదు. 16న కలిశాయి.

ప్రస్తుతం నా పద్దుల్లో ఒక లోటుంది. నా ఓడలకి మా లైను స్టేషన్ల పేర్లు పెడతాను. "నాయుడుపేట"లో బాబ్ అనేవాణ్ణి డ్యూనాకి, అంటే ఆటలో అంగారకుడికి, పంపాను. బయల్దేరేటప్పుడు డ్యూనా మనకన్నా 44 డిగ్రీలు ముందుండాలి. నిజం అంగారకుడికీ అదే 44. అది సరిగ్గానే చూసుకున్నాను. కక్ష్యలో పడటానికి 610 పెట్టి, దిగి లేచే పద్దు రాసి, వెనక్కి రావడానికి 610 రాయడం మరిచిపోయాను. పదిహేనేళ్ల అనుభవం ఉన్న అకౌంటెంట్‌ని. ఇప్పుడు ట్యాంకులో సెకనుకు 61 మీటర్లకి సరిపడా ఇంధనమే ఉంది. తీసుకురావడానికి "గూడూరు" కడుతున్నాను, రెండు నెర్వ్‌లతో.

దసరాకి అమ్మ వచ్చినప్పుడు తెర మీద వాణ్ణి చూపించాను. కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

"ఒక్కడే ఉండాడా?"

"ఒక్కడే."

"మరి వాడికి అన్నం?"

ఈ ఆటలో ఆకలి ఉండదని చెప్పాను. అయినా తొందరగా పంపించు ఆ రెండోదాన్ని, అంది. డ్యూనా ఇప్పుడు 71 డిగ్రీల దగ్గరుంది. 20వ తేదీ దాటాలి.